లారీ లోపలి టైరు: గాలి చూచువారెవరు?

మన రైతు పండించిన టమాటా, మిర్చి, పత్తి, మామిడి, ధాన్యము – వీనిలో ఎక్కువ భాగము ఆరు చక్రముల బండి మీదనో, పది చక్రముల లారీ మీదనో మార్కెట్టు చేరుచున్నది. విత్తనశుద్ధి మొదలు కోత వరకు ప్రతి దశలోను రైతునకు సలహా చెప్పుటకు మేము ఉన్నాము. కోసిన పంట లారీ ఎక్కిన తరువాత మాత్రము అది డ్రైవరు సంగతి, బండి యజమాని సంగతి అని అందరము ఊరకుందుము. రైతు కూడా తాడు బిగువుగా కట్టినారా, పట్టా కప్పినారా అని చూచి, బాడుగ మాట్లాడుకొని ఇంటికి పోవును. ఆ బండి వెనుక భాగమున జంటగా ఉండు టైర్లలో లోపలి దానిని ఎవరును చూడరు. వ్యవసాయాధికారికి టైర్లతో ఏమి పని అని చదువరులు నవ్వవచ్చును. దారిలో చెడిన పంట కూడా పంట నష్టమే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆరు చక్రముల బండికి ముందు రెండు, వెనుక నాలుగు టైర్లు ఉండును. వెనుక ఒక్కొక్క వైపున రెండేసి చక్రములను వీపు వీపు ఆనించినట్లుగా ఒకే బోల్టులతో బిగింతురు. బయటి చక్రపు గుంట బయటికి, లోపలి చక్రపు గుంట బండి లోపలికి ఉండును. 407 బండి మొదలు పెద్ద లారీ వరకు ఏర్పాటు ఇదే. బయటి చక్రపు ఇనుప డిస్కులో కొన్ని రంధ్రములు ఉండును. బ్రేకు డ్రమ్ముకు గాలి తగులుట వాని ఒక ప్రయోజనము. లోపలి టైరు వాల్వును అందుకొనుటకు దారి ఇచ్చుట రెండవ ప్రయోజనము. ఆ రంధ్రములో చేయి పెట్టి, మట్టి, గ్రీజు, వేడి డ్రమ్ము వీని మధ్య వ్రేళ్లతో వెదకి, వాల్వు మూత త్రిప్పి, గేజి తల ఆనించవలెను. ఈ పని కష్టము గనుకనే ఎవరును చేయరు. బయటి టైరుకు వారమునకొకసారి గాలి కొట్టించుకొను డ్రైవరు కూడా లోపలి దానిని నెలల తరబడి ముట్టకుండుట నేను చూచుచునే ఉన్నాను.

లోపలి టైరు మోయు బరువు ఎంతో చూడుడు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుకు అనుమతించు బరువును 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచినది. నాలుగు టైర్లు సమానముగా మోసినచో ఒక్కొక్క దానికి 2,875 కిలోలు వచ్చును. జంటలో ఒకటి పూర్తిగా దిగిపోయినచో దాని తోడు టైరు 5,750 కిలోలు మోయవలసి వచ్చును. టైరు ప్రక్కన 146/143 వంటి రెండు సంఖ్యలు అచ్చు వేసి ఉండుటను మీరు గమనించియుండవచ్చును. మొదటిది టైరు ఒంటరిగా ఉన్నప్పుడు మోయగల బరువునకు గుర్తు, రెండవది జంటలో ఉన్నప్పుడు మోయగల బరువునకు గుర్తు. 146 అనగా 3,000 కిలోలు, 143 అనగా 2,725 కిలోలు. జంటలో ఉన్నప్పుడు తక్కువ ఏల? రెండు టైర్లు ఎన్నడును సరిగా సగము సగము పంచుకొనవు, రెంటి మధ్య వేడి పోవుటకు తావు తక్కువ. తయారు చేసినవారే దానిని లెక్కలోనికి తీసికొని తగ్గించినారు. ఇట్టివి నాలుగు టైర్లు కలిసి మోయగలిగినది 10,900 కిలోలు మాత్రమే. అనగా చట్టము అనుమతించు బరువు వేరు, మీ బండికి ఉన్న టైరు మోయగల బరువు వేరు. చట్టము ఒప్పుకొన్నది గదా అని నింపుటకు ముందు టైరు ఏమి చెప్పుచున్నదో చదువవలెను. చట్టమును మించి నింపినచో 2019 లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉండనే ఉన్నది.

రెండింటిలో లోపలి టైరునకే శ్రమ ఎక్కువ. మన రోడ్లు నీరు పోవుటకై నడుమ ఎత్తుగా, అంచులు పల్లముగా వేయబడును. బరువు పడినప్పుడు ఇరుసు కొంచెము వంగును. ఈ రెండు కారణముల చేత లోపలి టైరు మీద భారము హెచ్చును. బ్రేకు డ్రమ్ము వేడి కూడా దానికే ముందు తగులును. ఎక్కువ మోయుచు, ఎక్కువ వేడెక్కుచు, తక్కువ కనబడు టైరు అది.

సుత్తితో కొట్టి చూచుట

డ్రైవరును అడిగినచో “చూచినాను లెండి, కొట్టి చూచినాను” అనును. టామీ రాడ్డుతోనో, సుత్తితోనో టైరును కొట్టి శబ్దము వినుట మన రోడ్ల మీద అలవాటు. ఇది పూర్తిగా దిగిపోయిన టైరును పట్టి ఇచ్చును. అంతవరకు మంచిదే, మానవలసిన పని లేదు. 110 పౌండ్లు ఉండవలసిన టైరులో 80 పౌండ్లే ఉన్నచో చెవి చెప్పలేదు, చేయి చెప్పలేదు. కంటికి కూడా కనబడదు. ఒంటి టైరుకు గాలి తగ్గినచో అడుగున ఉబ్బును. జంటలో అట్లు కాదు. గాలి ఉన్న తోడు టైరు బండిని ఎత్తి నిలుపును గనుక గాలి తగ్గినది నిటారుగానే నిలిచియుండును. ఒక కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి మెడ వంచి ఊరక నడచుచుండగా రెండవది బండి మొత్తము లాగుచున్నట్లు లెక్క. ఎద్దు విషయములో రైతునకు క్షణములో తెలియును, టైరు విషయములో తెలియదు.

ఇంకొక చిక్కు కూడా కలదు. మన రైతులలో ట్రాక్టరు నడపువారికి టైరు గాలి అనగా ట్రాక్టరు వెనుక టైరే గుర్తుకు వచ్చును. దానిలో 12 నుండి 20 పౌండ్ల వరకు ఉండును. బొటనవ్రేలితో నొక్కియో, మడిమతో తన్నియో దాని సంగతి కొంత తెలిసికొనవచ్చును. అయిదారింతలు గట్టిగా ఉండు లారీ టైరుకు ఈ విద్య పనికిరాదు.

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోను అధికముగా నలుగును. నలిగిన కొలది వేడెక్కును. వేడెక్కిన కొలది లోపలి పొరల అతుకు వదలును. ప్రక్కలు బయటికి ఉబ్బి తోడు టైరును ఒరసికొనును. మన ఎండలలో, గుంటూరు యార్డుకు మిర్చి పోవు మార్చి, ఏప్రిల్ మాసములలోను, నూజివీడు ప్రాంతపు మామిడి కదలు మే మాసములోను, రోడ్డు వేడి కూడా దీనికి తోడగును. ఒరసికొన్న జంట టైర్లు పొగలు క్రక్కి అంటుకొనుట కూడా కద్దు. పత్తి, వరిగడ్డి వేసిన లారీ అయినచో చెప్పనక్కర లేదు. గడ్డి లారీలు కాలుటకు కరెంటు తీగలు తగులుటయే కారణమని అందరము అనుకొందుము. అది నిజమే, తీగల విషయములో జాగ్రత్త పడవలసినదే. అడుగున టైరు వద్ద మొదలైన మంట పైకి ప్రాకిన పిమ్మట దేనివలన వచ్చినదో చెప్పగలవారు ఉండరు. టైరు మంట పైకి ఆరినట్లు కనబడినను లోపల రగులుచుండి మరల అంటుకొనును. దానికి బిందెలతో చల్లిన నీరు చాలదు. ఎడతెగక నీరు కొట్టుచు చల్లార్చవలెను.

నేను పనిచేయు మండలములో ఒక రైతు గత వేసవిలో చెన్నై మార్కెట్టుకు టమాటా పంపినాడు. సాయంకాలము బయలుదేరిన బండి తెల్లవారుజామున చేరవలసినది. ఘాటు దాటిన తరువాత వెనుక ఎడమవైపు లోపలి టైరు పగిలినది. డ్రైవరు బయటి టైరు నమ్మకము మీద “ముందు ఊరిలో చూచుకొందము” అని మరి కొంత దూరము నడపినాడు. ఆ రెండవ టైరు కూడా పోయినది. ఉన్న స్టెప్నీ ఒక్కటి. రెండవ టైరు తెచ్చి బిగించి బండి కదలుసరికి మిట్టమధ్యాహ్నము. సరకు చేరునప్పటికి వేలము ముగిసినది, అడుగు పెట్టెలలో కాయ నీరు కారుచున్నది. వచ్చిన ధర కోత కూలికి కూడా చాలలేదు. ఆ రైతు నా వద్దకు వచ్చి అడిగినది ఒక్కటే ప్రశ్న: “పంట బీమాలో ఇది వచ్చునా, సార్?” రాదని చెప్పవలసి వచ్చినది. ఆ బండి లోపలి టైరులో గాలి కడపట ఎప్పుడు కొలిచినారని నేను విచారించితిని. బండి కొన్న తరువాత లోపలి వాల్వును తాను చూడనేలేదని డ్రైవరు దాచకుండ చెప్పినాడు.

వాల్వు సంగతి

ఇంత నష్టమునకు మూలమైన వాల్వు వ్రేలెడంత వస్తువు. గాలి టైరును 1888 లో డన్లప్ బెల్‌ఫాస్టులో తయారు చేసెను. నేడు స్కూటరుకు, ట్రాక్టరుకు, లారీకి మనము వాడు వాల్వునకు అమెరికాలో ష్రేడర్ 1893 లో పేటెంటు పొందెను. సైకిలుకు ఉండు రబ్బరు గొట్టపు వాల్వు వేరు. ష్రేడర్ వాల్వు లోపల మరతో బిగించిన చిన్న పిన్ను, దానికి ఒక స్ప్రింగు, ఒక రబ్బరు ముద్ర ఉండును. పిన్నును నొక్కిన గాలి తెరచుకొనును, వదలిన మూసికొనును. ఆ రబ్బరు ముద్ర మీద ఒక ఇసుక రేణువు నిలిచినను గాలి సన్నగా పోవుచునే ఉండును.

అందుచేత వాల్వు మూత అలంకారము కాదు. పొలములోనికి దిగి, గట్టు ఎక్కి, బురదలో తిరిగి వచ్చు బండికి మూత లేకున్నచో లోపలి వాల్వు నోటిలో మట్టి గట్టిపడి ఉండును. ఆ మట్టి మీదనే గాలి గొట్టము ఆనించి కొట్టినచో మట్టి అంతయు పిన్ను మీదికి పోవును. గాలి కొట్టుటకు ముందు వాల్వు నోటిని గుడ్డతో తుడిచి, పిన్నును క్షణకాలము నొక్కి కొంచెము గాలి వదలి, తరువాత గేజి పెట్టవలెను. పని ముగిసిన పిమ్మట మన పంక్చరు షాపు కుర్రవాడు ఉమ్మి రాసి బుడగ వచ్చునా అని చూచును. దానిని చూచి ఏవగించుకొనవలదు, ఆ పరీక్ష సరియైనదే. సబ్బు నీరు అయినచో మరింత మంచిది. బుడగ వచ్చినచో పిన్ను మార్చవలెను. అది మిక్కిలి చౌక వస్తువు. మూతలలో లోపల రబ్బరు ఉండయు గల లోహపు మూతలనే వాడవలెను. పిన్ను కారినను ఆ మూత గాలిని కొంతకాలము ఆపును. ప్లాస్టికు మూత దుమ్మును మాత్రమే ఆపును. లోపలి టైరుకు లోహపు మూత తప్పనిసరి అని నా అభిప్రాయము.

ట్యూబు వేసిన టైర్లలో ఇంకొక విషయము గమనింపదగినది. గాలి తగ్గి నడచినప్పుడు టైరు రిమ్ము మీద మెల్లగా జారును, దానితో ట్యూబు కూడా జారును. వాల్వు మాత్రము రిమ్ము రంధ్రములో చిక్కుకొని ఉండుటచే ప్రక్కకు వాలి, మొదట్లో చినుగును. వాల్వు నిటారుగా లేక వాలియున్నట్లు కనబడినచో ఆ టైరు ఎప్పుడో గాలి లేక నడచినదని తెలిసికొనవలెను. వంపు వాల్వు బ్రేకు డ్రమ్మునకు తగులుచున్నదేమో కూడా చూడవలెను.

చేయి అందునట్లు చేసికొనుట

లోపలి వాల్వు అందుటకు మొదటి ఉపాయమునకు ఖర్చు లేదు. చక్రములు బిగించునప్పుడే రెండు వాల్వులు ఒకదానికొకటి ఎదురెదురుగా, గడియారములో 12, 6 అంకెల వలె ఉండునట్లును, లోపలి వాల్వు బయటి డిస్కు రంధ్రమునకు సరిగా నడుమ వచ్చునట్లును పెట్టవలెను. అట్లు పెట్టినచో ఏ వాల్వు ఏ టైరుదో చీకటిలో కూడా తెలియును. పంక్చరు షాపులో తొందరలో ఎట్లు పడిన అట్లు బిగించిన చక్రములనే మనము ఎక్కువగా చూచుచున్నాము. ఒక్కొక్కచోట లోపలి వాల్వు రెండు రంధ్రముల నడుమ ఇనుము చాటున దాగియుండును. అప్పుడు చక్రము విప్పనిదే గాలి కొట్టుట అసాధ్యము. బిగింపు ముగియగానే “లోపలి వాల్వు చూపుము” అని అడుగుటకు అర నిమిషము పట్టును. అడుగకున్నచో ఆరు నెలలు తంటా. చక్రము విప్పి బిగించిన బండికి 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన తరువాత నట్లు మరల బిగింపవలెనను సంగతి కూడా ఇక్కడనే చెప్పుచున్నాను.

రెండవది సరియైన గేజి. స్కూటరుకు వాడు పొట్టి గేజి ఇక్కడ పనికిరాదు. పొడవైన కాడ, చివర రెండు తలలు గల లారీ గేజి దొరకును. ఒక తల ముందుకు, మరియొకటి వెనుకకు వంగి ఉండును. లోపలి టైరు వాల్వు మన వైపునకు చూచుచుండును గనుక ముందు తలతో నెట్టి కొలువవలెను. కొన్ని బండ్లలో బయటి టైరు వాల్వు లోపలి ముఖముగా ఉండును. దానిని రెండవ తలతో మన వైపునకు లాగి కొలువవలెను. గాలి కొట్టు గొట్టమునకు కూడా ఇట్టి రెండు తలల కొన దొరకును. గేజి పడి దెబ్బ తిన్నచో తప్పు చెప్పును. అప్పుడప్పుడు మరొక మంచి గేజితో సరిచూచుకొనవలెను.

మూడవది వాల్వునకు పొడిగింపు గొట్టము బిగించుట. ఇందులో భిన్నాభిప్రాయములు కలవు. మెకానిక్కులు కొందరు దీనిని బాగుగా పొగడుదురు, కొందరు ముట్టవద్దందురు. ఇద్దరి మాటలోను నిజము ఉన్నది. పొడిగింపు ఉన్నచో లోపలి వాల్వు నోరు బయటి చక్రపు అంచుకు వచ్చును, కొలుచుట సులభమగును, సులభమైన పనిని మనిషి చేయును. ఇది పెద్ద లాభము. కాని కారుటకు మరి రెండు అతుకులు చేరును. తిరుగుచున్న చక్రములో వస్తువు బరువు ఎట్లు పెరుగునో లెక్క చూడుడు. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు వాల్వు ఉండు చోట వస్తువు తన బరువునకు సుమారు 25 రెట్లు బలముతో బయటికి లాగబడును. 40 గ్రాముల గొట్టము ఒక కిలో వలె వ్రేలాడును. ఆధారము లేని గొట్టము ఈ లాగుడునకు ఊగి ఊగి వాల్వు మొదలును విరుచును. కనుక చౌక రబ్బరు గొట్టమును తగిలించి వదలుట కంటె ఏమియు పెట్టకుండుట మేలు. పెట్టదలచినచో లోహపు వాల్వు మీద, తీగ అల్లిక గల గొట్టమునే పెట్టి, రెండవ కొనను బయటి చక్రమునకు పట్టీతో కదలకుండ బిగింపవలెను. నా మట్టుకు, సొంత బండి ఉండి నెలనెల దానిని తనిఖీ చేయు రైతు మాత్రమే పొడిగింపు పెట్టించుకొనవలెనని తోచుచున్నది. బాడుగకు తిరుగు బండికి ఎదురెదురు వాల్వులు, పొడుగు గేజి – ఇవి చాలును.

కొలుచు వేళ కూడా ముఖ్యము. బండి మూడు గంటలైనను నిలిచిన తరువాత, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలువవలెను. చల్లని టైరులో 30 డిగ్రీల వద్ద 100 పౌండ్లు ఉన్నచో, నడచి 60 డిగ్రీలకు వేడెక్కినప్పుడు గేజి సుమారు 111 చూపును. ఇది సహజము. గాలి ఎక్కువైనదని కొందరు దారిలో ఆపి వేడి టైరు నుండి గాలి వదలుదురు. తెల్లవారి టైరు చల్లబడినప్పుడు అది ఉండవలసిన దానికంటె అంత తక్కువగా ఉండును. ఎండాకాలములో గాలి తగ్గించి పెట్టుకొనవలెనను మాట మన లారీ అడ్డాలలో గట్టిగా నాటుకొని ఉన్నది. ఇది పూర్తిగా తలక్రిందుల మాట. గాలి తగ్గిన టైరే ఎక్కువ వేడెక్కును. ఎంత గాలి పెట్టవలెనో బండి తయారీదారు ఇచ్చిన పట్టికలో ఉండును. పైరునకు మందు మోతాదు ఎట్లు పొరుగువానిని అడిగి వేయరాదో, టైరు గాలి కూడా ప్రక్క లారీవానిని అడిగి పెట్టరాదు.

ఉండవలసిన గాలిలో నూటికి 80 కంటె తక్కువ ఉన్న టైరును దిగిపోయిన టైరుగానే భావింపవలెను. అనగా 110 పౌండ్లు ఉండవలసినచోట 88 కంటె తక్కువ ఉన్నచో బండి మీదనే గాలి కొట్టరాదు. ముందు చక్రము విప్పి, లోపల ప్రక్కలు నలిగినవా, తీగలు తెగినవా అని చూడవలెను. తీగల టైరు గాలి లేక నడచినచో ప్రక్క తీగలు ఒకదాని తరువాత ఒకటి లోలోపల తెగియుండును. అట్టి దానికి గాలి కొట్టునప్పుడు ప్రక్క భాగము గొలుసు విప్పినట్లు బారున చీలి, ఎదుట నిలిచినవారి ప్రాణము తీయగలదు. గాలి కొట్టువాడు టైరు ప్రక్కకు ఎదురుగా కాక, నడక వైపున దూరముగా నిలువవలెను. పొడవు గొట్టము, ఇనుప పంజరము ఉన్న షాపులోనే ఈ పని చేయింపవలెను. ఈ పని చేయువారు చాలవరకు పదునెనిమిది, ఇరువది ఏండ్ల కుర్రవారు. టైరు మీద కూర్చుండి గాలి కొట్టుచున్నవారిని నేను చూచినాను. వారికి చెప్పువారు లేరు.

జంట టైర్లు రెండును ఒకే ఎత్తున ఉండవలెనను సంగతి క్లుప్తముగా చెప్పెదను. క్రొత్తది, అరిగినది జత చేసినచో పెద్దదే బరువు మోయును, చిన్నది జారుచు అరుగును. చిన్న బండ్ల టైర్లలో వ్యాసము తేడా పావు అంగుళము, 9.00 కొలతకు పైబడిన పెద్ద టైర్లలో అర అంగుళము మించరాదు. రెండింటి మధ్య చిక్కిన రాయిని బండి కదలుటకు ముందే తీసివేయవలెను. అది వేగములో విసరబడినచో వెనుక వచ్చు మోటారు సైకిలువాని గతి ఏమగునో ఊహింపుడు.

మన ప్రాంతములో పంటకాలములో మాత్రమే తిరుగు బండ్లు చాలా కలవు. మామిడి కాలమునకు బయటికి తీసి, మిగిలిన నెలలు చెట్టు క్రింద నిలుపు వాహనములు అవి. నిలిచిన బండి టైరు కూడా గాలి కోల్పోవుచునే ఉండును. అమెరికాలో ఇల్లు వంటి గదులు కట్టిన బండ్లలో కుటుంబములు దేశము తిరుగుదురు. పిల్లల వద్దకు పోయి వచ్చిన మన పెద్దలు వానిని చూచియే ఉందురు. వానిలో పెద్దవానికి మన లారీ వలెనే వెనుక జంట టైర్లు ఉండును, అవి కూడా సంవత్సరములో ఎక్కువ కాలము నిలిచియే ఉండును. చక్రముల మీద మెరయు లోహపు తొడుగులు బిగించుటచే వారికి లోపలి వాల్వు అందుట మరింత కష్టము. పొడిగింపు గొట్టములు, పొడుగు గేజీలు, మూత తీయకయే కొలువగల మూతలు అక్కడ విరివిగా వాడుకలోనికి వచ్చుటకు ఇదే కారణము. సౌకర్యము ఎంత ఉన్నను వంగి కొలుచు పని వారికిని తప్పలేదు. నిలిచిన బండి టైరు అరుగకపోయినను ముసలిదగును. టైరు ప్రక్కన అచ్చైన నాలుగు అంకెలు దాని వయస్సు చెప్పును. 2319 అని ఉన్నచో 2019 వ సంవత్సరము 23 వ వారములో తయారైనదని అర్థము. అరుగుదల మాత్రమే చూచి ముసలి టైరును లోపల వేయుట మనవారి అలవాటు. కనబడదు గనుక లోపల వేయుదురు. లోపలనే భారము ఎక్కువ అని పైన చెప్పితిని. చెడు టైరును దాచుటకు అది తగిన చోటు కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇది ఎవరి పని? బండి యజమాని పని అని చట్టము చెప్పును, న్యాయము కూడా అదే. కాని బాడుగ మీద బ్రదుకు డ్రైవరునకు ఆ రాత్రి మరొక ట్రిప్పు దొరకునా అన్నదే చింత. యజమాని పట్నములో ఉండును. టైరు పగిలిన నాడు డ్రైవరుకు టైరు ఖర్చు, ఒకప్పుడు ప్రాణము పోవును. రైతునకు పంట పోవును. బస్తాల మీద కూర్చుండి పోవు రైతులు, కూలీలు ఉన్నచో వారి మాట చెప్పనే వలదు. సరకు బండిపై మనుషులు ఎక్కరాదని ఎన్నిమార్లు చెప్పినను ఎక్కుచునే ఉన్నారు. నష్టపోవువాడే అడుగవలెను. పంట ఎవనిదో గేజి వాని చేతిలో ఉండవలెనన్నది నా వాదము. దీనికి డ్రైవర్లు కోపించుకొందురని కొందరు రైతులు అన్నారు. కాటా వద్ద తూకము సరిచూచినందుకు వ్యాపారి కోపించుకొనుననియు మనము ఒకప్పుడు జంకితిమి. నేడు సరిచూడని రైతు లేడు.

ప్రతి రైతు గేజి కొనలేడు, కొననక్కరలేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘమునకు, సహకార సంఘమునకు ఒక్కటి చాలును. లోడు ఎత్తు చోట ఒక గేజి, కొన్ని వాల్వు పిన్నులు, డజను లోహపు మూతలు, ఒక సబ్బు నీళ్ల సీసా – ఇంత సామాను ఒక ట్రిప్పు టమాటా బాడుగలో చిన్న పాలునకు వచ్చును. మార్కెట్టు యార్డులలో కాటా ఉన్నది, గోదాము ఉన్నది, కొన్ని చోట్ల శీతల గిడ్డంగి కూడా ఉన్నది. ద్వారము వద్ద ఒక కంప్రెసరు, రెండు తలల గాలి గొట్టము మాత్రము లేదు. గుంటూరు మిర్చి యార్డు, వరంగల్ ఏనుమాముల వంటి పెద్ద యార్డులలో వందల బండ్లు వరుసలో గంటల తరబడి నిలుచును. టైర్లు చల్లబడి ఉండును, డ్రైవరునకు తీరిక ఉండును. కొలుచుటకు అంతకంటె మంచి తావు, మంచి వేళ ఎక్కడ దొరకును? యార్డు రుసుము వసూలు చేయు పాలకవర్గములు ఈ చిన్న ఖర్చును భరించుట న్యాయము. మా శాఖ వారు కూడా కోత అనంతర నష్టములపై జరుపు శిక్షణలలో పెట్టెలు, ప్యాకింగు, శీతలీకరణము గురించి చెప్పుచున్నారు. దానితో పాటు ఒక లారీని తెచ్చి నిలిపి, లోపలి వాల్వును అందరిచేత ముట్టించినచో పది ఉపన్యాసముల పెట్టు.

లోడు ఎత్తుటకు ముందు బాడుగ చీటీ వెనుక ఆరు గళ్లు గీచి, ఆరు టైర్ల గాలిని అంకెలలో వ్రాయించి, డ్రైవరు సంతకము తీసికొనుడు. లోపలి రెండు గళ్లు ఖాళీగా ఉన్నచో బండి నింపవలదు. పది చక్రముల లారీ అయినచో గళ్లు పది, వానిలో లోపలివి నాలుగు. చేయి అందలేదని డ్రైవరు చెప్పినచో చక్రము విప్పి వాల్వు సరిచేయించుకొని రమ్మనుడు. టమాటా బుట్టలు నీడలో మరి రెండు గంటలు ఆగగలవు.